ఖఫీల్ సంగతి సభలో ఎత్తండి: తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ



లోక్‌సభలో మీరు 42 మంది, రాజ్యసభలో 18 మంది. పార్టీలు వేరైనా అందరికీ ఒకటే ఉత్తరం రాస్తున్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల నుంచి, కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, కోనసీమ లంకల నుంచి గల్ఫ్ విమానం ఎక్కేవాళ్ళ వీసా మీద పార్టీ పేరు ఉండదు కదా.

మీరేమీ చేయడం లేదని అనను. సౌదీలో మనిషి పోతే ఇంటివాళ్ళు మొదట తలుపు తట్టేది మీ ఆఫీసుదే. మీ పీఏ రియాద్ ఎంబసీకి మెయిల్ పెడతాడు, మీరు విదేశాంగ మంత్రికి లేఖ రాస్తారు, కొన్నాళ్ళకో కొన్ని నెలలకో శవపేటిక శంషాబాద్‌లో దిగుతుంది. మరునాడు జిల్లా పేజీలో మీ పరామర్శ ఫొటో వస్తుంది. అది మంచి పనే, మానకండి. నా ఫిర్యాదు ఏమిటంటే, గల్ఫ్ సంగతిని మీరు దయతో చేసిపెట్టే సాయంగానే చూస్తున్నారు. అక్కడి చట్టమే మన మనుషుల హక్కులను గుంజుకుంటోందని సభలో నిలబడి చెప్పడం అరుదు. ఎప్పుడైనా ప్రశ్న వేసినా అది అంకెల దగ్గరే ఆగుతుంది: ఎందరు చనిపోయారు, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎందరు జైళ్ళలో ఉన్నారు? మంత్రిగారు దేశాలవారీగా ఒక పట్టిక జతచేస్తారు. దాంతో సరి.

అలాంటి పట్టికలనూ సమాచార హక్కు కింద వచ్చిన జవాబులనూ కూర్చి కామన్వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్ 2018లో ఒక లెక్క తేల్చింది. 2012 నుంచి 2018 మధ్య వరకు ఆరు గల్ఫ్ దేశాల్లో చనిపోయిన భారతీయ కార్మికులు కనీసం 24,570 మంది. అంటే రోజుకు పదిమందికి పైనే. ఒక్క ఖతార్‌లోనే పదేళ్ళలో 2,711 మంది భారతీయులు పోయారని 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక రాసింది. వాటిలో అత్యధికం కాగితాల మీద ‘సహజ మరణాలే’. ఊళ్ళో మెడికల్ పాసై ‘ఫిట్’ అనిపించుకుని వెళ్ళిన ముప్పయ్యేళ్ళ మనిషి రాత్రి క్యాంపులో పడుకుని పొద్దున లేవడు. గుండె ఆగింది అని రాస్తారు. ఎవరి గుండైనా ఆగితేనే కదా చావు! ఎందుకు ఆగిందో చూడాలంటే పోస్ట్‌మార్టం చేయాలి. అది చేయరు. చేయలేదు కాబట్టి చావు పనివల్ల వచ్చిందనీ, ఎండవల్ల వచ్చిందనీ రుజువు చేయలేం. రుజువు లేదు కాబట్టి పరిహారం లేదు. ఇది ఎవరి దురదృష్టమో కాదు, అక్కడి పద్ధతే అంత.

ఖఫీల్ వ్యవస్థ గురించి మీ నియోజకవర్గంలో ఏ గల్ఫ్ వాపసు మనిషినడిగినా పూసగుచ్చినట్టు చెబుతాడు. వీసా ఖఫీల్ పేరున, అంటే పూచీ పడ్డ అక్కడి యజమాని పేరున ఉంటుంది. పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకునేదీ, ఆకామా (నివాస అనుమతి) రెన్యువల్ చేయించాల్సిందీ, చేయించకుండా వదిలేసేదీ ఆయనే. నాలుగు నెలల జీతం బాకీ ఉందని గట్టిగా అడిగితే, పనిలోంచి పారిపోయాడని రిపోర్టు ఇస్తాడు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. ఆ రిపోర్టుతో జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు అవుతాడు, జీతం రానివాడు నేరస్థుడవుతాడు. ఇక ఖల్లివల్లిగా, అంటే కాగితాల్లేకుండా, దొరికిన పని చేసుకుంటూ, ఆమ్నెస్టీ ఎప్పుడు ప్రకటిస్తారా, ఇంటికి పంపే ఔట్‌పాస్ ఎప్పుడు చేతికొస్తుందా అని ఏళ్ళు గడపడమే. 2020లో కరోనా విమానాల్లో దిగినవాళ్ళలో ఎంతోమంది రావలసిన జీతమూ సర్వీసు డబ్బూ అక్కడే వదిలేసి వచ్చారు. ఆ బాకీ ఇప్పటికీ ఎవరి ఖాతాలోనూ లేదు.

కొంత మారిన మాట నిజం. ఖతార్ 2020లో, యజమాని ఒప్పుకోకపోయినా పని మారవచ్చంది. 2021 మార్చి నుంచి కనీస వేతనం వెయ్యి రియాళ్ళు చేసింది. అదే నెలలో సౌదీ కూడా సడలింపులు తెచ్చింది. అయితే ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళను, ఇంటి డ్రైవర్లను, తోటమాలులను, గొర్రెలూ ఒంటెలూ కాసేవాళ్ళను ఆ సడలింపుల్లోంచి తీసేసింది. మన ఊళ్ళవాళ్ళు ఎంతోమంది చేసేది సరిగ్గా ఆ పనులే. ఖతార్ కదిలింది కూడా ఊరికే కాదు. 2014లో కార్మిక ప్రతినిధులు అంతర్జాతీయ కార్మిక సంస్థలో దాని మీద ఫిర్యాదు చేశారు. ఫుట్‌బాల్ ప్రపంచకప్ పేరున లోకమంతా నిలదీసింది. ఆ తరువాతే అది చట్టాలు దిద్దుకుంది.

నిలదీసినవాళ్ళలో యూరోపియన్ పార్లమెంటు ఒకటి. 2013లో ఖతార్ వలస కార్మికుల మీద ఒక తీర్మానం, 2022 నవంబరులో ఇంకొకటి చేసింది. చనిపోయినవాళ్ళు భారత్, నేపాల్, బంగ్లాదేశ్ బిడ్డలు. వాళ్ళకు పరిహారం ఇమ్మని అడిగింది స్ట్రాస్‌బర్గ్‌లో కూర్చున్నవాళ్ళు. అందులోనే ఒక మెలిక ఉంది. ఆ నవంబరులోనే, ఆ సభలోనే, ఖతార్ కార్మిక హక్కుల్లో అందరికంటే ముందుందని ఉపాధ్యక్షురాలు ఎవా కైలీ మెచ్చుకున్నారు. డిసెంబరులో ఖతార్ ముడుపుల కేసులో బెల్జియం పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. ఆమె తప్పేమీ చేయలేదంటున్నారు, ఖతార్ కూడా కాదంటోంది. కోర్టు ఏం తేల్చినా సరే, మన కార్మికుడి గోడును పరాయి సభ మీద వదిలేస్తే దానికి ఎంత భరోసా ఉంటుందో ఈ ఉదంతం చూస్తే చాలు.

ఫిలిప్పీన్స్‌ను చూడండి. 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికింది. ఆ దేశం కువైట్‌కు మనుషులను పంపడం ఆపేసింది. చమురు దేశంతో పేచీ ఎందుకని వెనకాడలేదు. మే నెలకల్లా కువైట్ ఒప్పందానికి వచ్చింది: యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదు, పనిమనిషి చేతిలో ఫోన్ ఉండాలి. ఆ తరువాత హత్యలు జరగలేదా అంటే జరిగాయి, 2020లో మళ్ళీ నిషేధం పెట్టాల్సి వచ్చింది. అయినా మాట్లాడితే ఉద్యోగాలు పోతాయన్న భయానికి జవాబు అక్కడే ఉంది. ఇప్పటికీ ఫిలిప్పీన్స్ మనుషులు లక్షల్లో గల్ఫ్‌లో ఉన్నారు. మనమూ సౌదీతో 2014లో, కువైట్‌తో 2021లో ఇంటి పనివాళ్ళ గురించి ఒప్పందాలు రాసుకున్నాం. వాటి కింద ఎన్ని కేసులు తేలాయో, ఎంత జీతం రాబట్టారో ఏనాడైనా అడిగారా?

ఇంకా వెనక్కి వెళ్దాం. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన లక్షన్నర మందిలో విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కారు. 1910 ఫిబ్రవరిలో గోపాలకృష్ణ గోఖలే వైస్రాయ్ శాసనమండలిలో, నేటాల్‌కు కూలీలను పంపడం ఆపాలని తీర్మానం పెట్టి నెగ్గించుకున్నారు. మరుసటి ఏడాది నేటాల్‌కు కూలీల ఓడలు ఆగాయి. 1912లో మొత్తం ఒప్పంద కూలీ పద్ధతినే రద్దు చేయాలని ఇంకో తీర్మానం పెట్టి ఓడిపోయారు. 1916లో మదన్ మోహన్ మాలవీయ అదే మాట మళ్ళీ ఎత్తితే ప్రభుత్వం తలవంచింది. మరుసటి ఏడు కూలీల భర్తీ ఆగిపోయింది. అప్పటికి సామాన్యుడికి ఓటు లేదు, స్వరాజ్యం లేదు, మండలిలో బలమంతా తెల్లవారిదే. మీకు లేని సౌకర్యమేదీ గోఖలేకూ మాలవీయకూ లేదు.

మిత్రదేశాన్ని అమర్యాదగా ప్రస్తావించకూడదని లోక్‌సభ నియమావళి 41వ నియమంలో ఉంది. నిజమే. కానీ జీతం ఇప్పించమనడం, చావుకు కారణం చెప్పమనడం అమర్యాద ఎట్లా అవుతుంది? ఇతర దేశాల లోపలి వ్యవహారాల్లో తలదూర్చం అని ఢిల్లీలో ఇంకో మాట వినిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల వివక్షను 1946లో ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళింది ఈ దేశమే. అమెరికా హెచ్-1బీ ఫీజు పెంచితే మీలో కొందరు ఆ రోజే మైకు ముందుకొస్తారు. కువైట్ దినారు మారకం విలువ డాలరు కంటే ఎక్కువే, గల్ఫ్ వలసదారుకి మీ దగ్గర ఆ మారకం ఎందుకో దక్కడం లేదు.

మన సర్కారు సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికుల కనీస రిఫరల్ వేతనాన్ని కేంద్రమే తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడ్డాక, 2021లో వెనక్కి తీసుకుంది. సొంత మనిషి కూలిని తానే తగ్గించుకున్న దేశం ఖఫీల్‌ను ఏ ముఖంతో అడుగుతుందని కువైట్‌లో ఎవరైనా అంటే మన దగ్గర జవాబు లేదు. 1983 నాటి వలస చట్టం ఇంకా అట్లాగే ఉంది. దాని బదులు కొత్త ముసాయిదాలు వస్తాయి, పోతాయి.

2024 జూన్ 12న కువైట్ మంగాఫ్‌లో కార్మికులు కిక్కిరిసి ఉన్న భవనం తగలబడి కనీసం 45 మంది భారతీయులు పోయారు. ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. రెండు రోజుల్లో వాయుసేన విమానం శవాలను కొచ్చికి చేర్చింది. ఆ వేగాన్ని మెచ్చుకోవాల్సిందే. మరి అక్కడి కేసు ఎంతదాకా వచ్చింది, అంతమందిని ఒకే భవనంలో కుక్కిన పద్ధతి మారిందా అని అడిగే పని ఇప్పటికైనా మొదలుపెట్టండి.

రాబోయే సమావేశాల్లో నక్షత్ర గుర్తు ప్రశ్న వేయండి. దానికైతేనే మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, మీరు అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. మన వాళ్ళెవరైనా గల్ఫ్‌లో అనుమానాస్పదంగా చనిపోతే పోస్ట్‌మార్టం చేయాలని ఆ దేశాలను అడిగారా? గల్ఫ్ విడిచి వచ్చిన కార్మికుడు జీతం బాకీ కేసును మన ఎంబసీ ద్వారా నడిపే ఏర్పాటు ఉందా? ఇంటి పనివాళ్ళను కార్మిక చట్టంలో చేర్చాలని చర్చల్లో పట్టుబట్టారా? విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘం అధికారులను పిలిచినట్టే, ఒక్కసారి మోర్తాడ్ నుంచో రాజంపేట నుంచో నలుగురు గల్ఫ్ వాపసు కార్మికులను పిలిపించి వినాలని కోరండి. అరవైమందిలో పదిమంది పార్టీలు పక్కనపెట్టి ఒక కాగితం మీద సంతకం చేస్తే ఈ పని అవుతుంది. మంత్రిగారి జవాబు వచ్చాక దాన్ని తెలుగులో అచ్చువేయించి ప్రతి గల్ఫ్ మండలంలో తహసీల్దార్ ఆఫీసు గోడకు అంటించండి.