పీపాలో పరిపాకము

మద్యమునకు బలమెందులకని మన ప్రాంతమున ఎవరినైన అడిగినచో, త్వరగా కైపెక్కుటకే యని తడుముకొనకుండ బదులు చెప్పుదురు. మన దుకాణములలో ‘స్ట్రాంగ్’ అను ముద్రతో అమ్ముడగుచున్న బీరులో అధికభాగము ఆ ప్రయోజనమును మనసున నుంచుకొని తయారైనదే. దానిని పండ్లు జిల్లుమనునంతగా చల్లార్చి, రుచి నాలుకకు తెలియకమునుపే గొంతు దాటించుట వాడుక యైనది. ఇంగ్లండులో శతాబ్దములుగా కాచుచు వచ్చిన బలమైన ఏల్ అను బీరు చరిత్ర దీనికి కేవలము విరుద్ధము. పానీయము ఏండ్ల తరబడి చెడక నిలుచుటకును, నిలిచినకొద్ది పరిపక్వమగుటకును అక్కడివారు దానికి బలము కూర్చిరి. బలమును ఓర్పునకు తోడు చేసిన ఆ విద్యలో మనవారు తెలిసికొనదగినది చాల గలదని నా విశ్వాసము.

యంత్రములతో చల్లదనము పుట్టించుట తెలియని కాలమున బీరునకు వేసవి పరమశత్రువు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలను నలియగొట్టి వేడినీట నానబెట్టగా దిగిన తియ్యని రసమును, హాప్ పూలతో మరగించి, చల్లార్చి, ఈస్టు చేర్చి పులియబెట్టుదురు. పలుచని రసముతో చేసినదానిని కొలది వారములలో త్రాగి ముగింపవలెను. మొదట దిగిన చిక్కని రసముతో చేసినదానిలో ఆల్కహాలును, హాప్ చేదును హెచ్చుగా నుండుటచే చెరుపు చేయు సూక్ష్మజీవులు అంత సులభముగా తలయెత్తజాలవు. కొత్త బార్లీయు, కొత్త హాప్ పూలును చేతికందు అక్టోబరు మాసపు చలువలో ఇట్టి ఏలును కాచి, పీపాల కెత్తి, నేలమాళిగలలో ఏడాదియో, రెండేడులో, ఒక్కొక్కచో అంతకంటె ఎక్కువ కాలమో ఉంచెడివారు. 18వ శతాబ్దిలో పల్లెపట్టుల నున్న సంపన్న భూస్వాముల గృహములకు సొంత కాపుశాలలుండెడివి. ఇంట వారసుడు పుట్టిననాడు కాచిన ఏలును, అతనికి 21 ఏండ్లు నిండి ఆస్తికి అధికారియైన దినమున తెరచు ఆచారము కొన్ని కుటుంబములలో నుండినది. దానిని కాచిన పనివాడు ఆ దినమున దాని రుచి చూచుటకు బ్రతికియుండునో లేదో తెలియదు. అయినను ఒళ్లు దాచుకొనక కాచెను. ఇంతటి నమ్మకముతో చేసిన పని యేదైనను నాకు పూజ్యముగా తోచును.

పీపాలో నడచు వ్యవహారము మిక్కిలి ఆశ్చర్యకరమైనది. ఓక్ పలకలను నిప్పుసెగపై వంచి ఇనుప కట్లతో బిగించిన పీపా లోపలి ద్రవమును కారనీయదు గాని, గాలిని మాత్రము అతిస్వల్పముగా లోనికి రానిచ్చును. ఆ గాలి సోకిన పలుచని బీరు తడిసిన అట్టముక్క వాసన కొట్టును. చిక్కని ముదురురంగు ఏల్ అదే గాలితో ఎండుద్రాక్షను, ఖర్జూరమును, షెర్రీ మద్యమును తలపించు పరిమళములను సంతరించుకొనును. కాలక్రమమున హాప్ చేదు సన్నగిల్లును, ఆల్కహాలు కరకుదనము అణగును, కొయ్యనుండి వెనిల్లా వాసన మెల్లగా దిగును. కొయ్య రంధ్రములలో కాపురమున్న సూక్ష్మజీవులు కూడ తమ పని తాము చేయును. కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ కాపుశాలకు చెందిన నీల్స్ హెల్టె క్లాసెన్ అను శాస్త్రజ్ఞుడు, ఇంగ్లీషువారి నిలువ ఏలునకు విశిష్టమైన వాసన ఎట్లు వచ్చుచున్నదో శోధించి, మామూలు ఈస్టు అలసిపోయిన పిమ్మట తీరికగా పనికి దిగు మరియొక ఈస్టు జాతి దానికి కారణమని కనుగొని, 1904లో దానికి బ్రెటనోమైసిస్ అని పేరిడెను. నేటి కాపుశాలలలో పెక్కింటికి అది గుండెదిగులు. గొట్టములలో దాని జాడ కనబడినచో పని నిలిపి సమస్తము కడుగుదురు. ఆనాటి నిలువ ఏలునకు వ్యక్తిత్వమిచ్చినది అదియే.

ఇట్టి పద్ధతి క్షీణించుటకు కారణము రుచి మారుట యొక్కటే కాదు. రెండేండ్లు పీపాలో కూర్చున్న ఏల్ అనగా రెండేండ్లు కదలక పడియున్న మూలధనము. వర్తకుడు దానిని ఎంతకాలము సహింపగలడు? మొదటి ప్రపంచయుద్ధ కాలమున ధాన్యపు కొరతచేతను, పన్నుల భారముచేతను ఇంగ్లండు బీరు పలుచబడి, మరల పూర్వబలమునకు రాలేదు. అయినను తీగ తెగలేదు. 1799లో సఫక్ ప్రాంతమున బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణమున పుట్టిన గ్రీన్ కింగ్ సంస్థ, 12 శాతము ఆల్కహాలు గల ముసలి ఏలును పెద్ద ఓక్ తొట్లలో రెండేండ్లు నిలువచేసి, దానిని లేత ఏలుతో మేళవించి అమ్ము పద్ధతిని కాపాడినది. నవలాకారుడు తామస్ హార్డీ మరణించిన 40 ఏండ్లకు, 1968లో, డార్చెస్టరునందలి ఎల్డ్రిడ్జ్ పోప్ వారు ఆయన పేర నొక బలమైన ఏలును కాచి, సీసాలో అది 25 ఏండ్లు నిలుచునని ధైర్యముగా ప్రకటించిరి. ఒక రచయితకు ఇంతకంటె యోగ్యమైన స్మారకమును నేనెరుగను.

ఈ మాటలన్నియు పుస్తకజ్ఞానముగా నిలిచిపోక నాలుకకెక్కినది, మాంచెస్టరులో వైద్యుడుగా నున్న మా గుంటూరు మిత్రుని యింట. ఆ నగర పరిసరమున 1828లో స్థాపితమైన జె. డబ్ల్యు. లీస్ కాపుశాలవారు, 1986 మొదలుకొని, ఆ యేటి కొత్త మారిస్ ఆటర్ బార్లీతోను, కెంట్ సీమ గోల్డింగ్స్ హాప్ పూలతోను ‘హార్వెస్ట్ ఏల్’ అనుదానిని కాచుచున్నారు, బలము 11.5 శాతము. అందు కొంత భాగమును షెర్రీ, పోర్ట్, కాల్వడోస్, లగవూలిన్ విస్కీలు పూర్వము నిండియుండిన పీపాలలో నుంచి వేరుగా సీసాల కెత్తుదురు. మిత్రుడు షెర్రీ పీపాదానిని, లగవూలిన్ పీపాదానిని సిద్ధపరచి, ఫ్రిజ్జులో పెట్టక, మెట్లక్రింది చల్లని అరనుండి తీసెను. మూతి సన్నగిలిన చిన్న గాజుపాత్రలలో రెండేసి గుక్కలకు మించకుండ పోసెను.

షెర్రీ పీపా ఏల్ రంగు దీపమునకు అడ్డుపెట్టి చూచినప్పుడు అంచున రాగి, నడుమ గాఢమైన కపిలవర్ణము. నురుగు పలుచని వలయమై క్షణములో అణగినది. పాత్రను తిప్పగా ద్రవము గాజును పట్టుకొని సన్నని ధారలుగా నిదానముగా దిగినది. మద్యమన్న ఆమడ దూరము తొలగు మిత్రుని తల్లిగారు, మేమంత శ్రద్ధగా వాసన చూచుట గమనించి, కుతూహలముతో పాత్రను ముక్కుదగ్గరకు తీసికొని, “ఇదేమిటి నాయనా, అటకమీద మాగిన పాతబెల్లం వాసనొస్తోంది, దీన్ని బీరంటే ఎవరు నమ్ముతారు?” అనిరి. ఆమె చెప్పినదానికి నేను చేర్పగలిగినది స్వల్పము: బెల్లపు వాసన వెనుక ఎండు అంజూరము, దాని వెనుక అక్రోటు. నోట పెట్టగానే చిక్కని తీపి. అది వెగటగునేమో యని శంకించు తరుణమున అక్రోటు పైపొరకుండునట్టి వగరు వచ్చి తీపిని నిలిపివేసెను. మ్రింగిన పిమ్మట రొమ్ములో నిదానమైన వెచ్చదనము. అరచేతి వేడికి మరికొంత వెచ్చబడగా అంతవరకు దాగియున్న నారింజతొక్క వాసన పైకి వచ్చినది. ఆ రెండు గుక్కలకు అరగంటకు పైగా పట్టినది. మూడవ గుక్క కావలెనని అనిపింపలేదు. దీనినే మంచుగడ్డవలె చల్లార్చియుండినచో తీపియు, మంటయు తప్ప మరేమియు తెలిసెడిది కాదు.

లగవూలిన్ పీపాది నన్ను మెప్పింపలేదు. ఆ విస్కీ పుట్టిన ఐలా ద్వీపమున పీట్ మట్టిని కాల్చి ఆ పొగకు బార్లీని ఆరబెట్టుదురు. ఆ విస్కీ త్రాగిన కొయ్య తన పొగను ఏలునకు ధారాళముగా పంచియిచ్చినది. పొగ, తారు, మరల పొగ. ఆ యేటి బార్లీ ఎక్కడనున్నదో వెదకికొనవలసి వచ్చినది. మిత్రుడు నాతో ఏకీభవింపక, ఆ పొగ తీపికి తగిన ప్రతియోగి యని వాదించెను. నా మతము వేరు. పీపా తన పూర్వచరిత్రను మాటవరుసకు తెలుపవలెనే కాని, ఏల్ నోరు మూయింపరాదు. అమెరికాలో ఈ దోషము మరింత ప్రబలినదని నా అభిప్రాయము. అక్కడి చట్టము ప్రకారము బోర్బన్ విస్కీని లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే పోయవలెను. అందుచే ఒకసారి వాడిన పీపాలు పెద్దసంఖ్యలో అమ్మకమునకు వచ్చును. గత శతాబ్ది తొంబదులలో షికాగోలోని గూస్ ఐలండ్ కాపుశాలవారు జిమ్ బీమ్ బోర్బన్ పీపాలలో నల్లని స్టౌట్ బీరును నిలువచేసి కొత్తదారి త్రొక్కిరి. వారిది నిజమైన సాహసమే. వారి వెంట బయలుదేరినవారిలో అనేకులు మాత్రము విస్కీ కలిపిన కొబ్బరి చాక్లెట్టువంటి ద్రవమును చేసి, అదియే పరిపాకమని భ్రమింపజేయుచున్నారు.

మన నేలకు ఈ విద్య పొసగునా యని సందేహించువారుందురు. మన జనసామాన్యపు పానీయము కల్లు. ఉదయము తియ్యగా దిగి సాయంకాలమునకు పులిసిపోవు దానికి తాజాదనమే ప్రాణము. కనుక నిలువపెట్టి మాగించుకొని త్రాగు అలవాటు మన నాలుకకు అబ్బలేదు. అయినను మన వైద్యులకది తెలియనిది కాదు: ఆసవములు పాతబడినకొద్ది గుణవంతములగునని శార్ఙ్గధర సంహిత చెప్పుచున్నది. ఇప్పుడు హైదరాబాదులో కళ్లయెదుటనే బీరు కాచి పోయు చిన్న కాపుశాలలు వెలసినవి. వారి గోధుమ బీరును నేను ప్రీతితో త్రాగుదును. కాని కాచిన కొలది దినములలోనే అమ్ముడుపోవు సరకు తప్ప వారియొద్ద మరియొకటి లేకపోవుట కొరతగా తోచును. మన దేశపు ప్రమాణముల ననుసరించి బీరులో ఆల్కహాలు 8 శాతము మించరాదు గనుక మాంచెస్టరు ఏలును ఇక్కడ యథాతథముగా కాచుట సాధ్యము గాదు. అయినను దారి మూసికొనిపోలేదు. బెల్జియమునందలి రూసెలారె పట్టణమున రోడెన్‌బాక్ కాపుశాలలో 294 ఓక్ తొట్లు గలవు; అక్కడ రెండేండ్లు పండిన ఏలు మూడింట రెండు వంతులకు కొత్తది ఒక వంతు కలిపి చేయు ‘గ్రాండ్ క్రూ’ బలము 6 శాతమే. దానిని కాపాడునది ఆల్కహాలు కాదు, పులుపు. చింతపండుతో పెరిగిన నాలుకకు పులుపును క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. ఒక్క కాపుశాలవారైనను ఎండ తగులని గదిని 15 డిగ్రీల చల్లదనమున నుంచి, ఒక పీపాను నింపి, దానిపై నింపిన తేదీ వ్రాసి, రెండు వేసవులు దానిజోలికి పోకుండ నుండవలెనని కోరుచున్నాను. ఖర్చు అధికమగును, ఆ ఖర్చునకు తగిన వెల అడిగినను ఇచ్చువారీ నగరమున నున్నారు, వారిలో నేనొకడను.