ముందు గొంతు, తర్వాతే బొమ్మ

బొంబాయి కామాటిపుర గల్లీల్లో, వర్లీ, నాయ్‌గావ్ బీడీడీ చాళ్లలో, ప్రభాదేవిలో, ధారావిలో ఉంటున్న మన తెలుగువాళ్లందరికీ, అందులోనూ ఫోన్ పట్టుకుని వీడియోలు తీస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ కరపత్రం.

మీరు పెడుతున్నవన్నీ చూస్తూనే ఉన్నాం. బతుకమ్మ, బోనాలు, గణపతి నిమజ్జనం, పెళ్లి బరాత్, ఏదీ వదలడం లేదు. బొమ్మ బాగుంటోంది. ఇప్పటి ఫోన్లకు బొమ్మ చెడగొట్టడమే కష్టం. కానీ కళ్లు మూసుకుని వింటే ఏమీ మిగలడం లేదు. గల్లీలో ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ బతుకమ్మ పాట ఎత్తుకుంటే, ఆ పాట తీసేసి దాని మీద డీజే మిక్సు అతికిస్తున్నారు. అవ్వను మంచం మీద కూర్చోబెట్టి పాత సంగతులు అడుగుతారు. ఫ్యాను వినబడుతుంది, కుక్కరు కూత వినబడుతుంది, పక్క ఖోలీలో సీరియల్ వినబడుతుంది, అవ్వ మాట మాత్రం వినబడదు. మేం అడిగేది ఒక్కటే. వీడియోలో గొంతుకు మొదటి చోటివ్వండి, బొమ్మకు రెండోది.

ఇంత తొందరెందుకంటారా? చాళ్లు పోతున్నాయి. 1920లలో కట్టిన బీడీడీ చాళ్లు వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివ్డీలలో కలిపి 207. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళం చెవులు ఇచ్చారు. కామాటిపురను కూడా ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేత కొత్తగా కట్టించడానికి ప్రభుత్వం నిర్ణయించింది. మంచిదే. ఉమ్మడి పాయిఖానా ముందు వరసలో నిలబడ్డవాళ్లెవరూ 500 చదరపు అడుగుల ఇల్లు వద్దనరు. అయితే గ్యాలరీలో వరసగా కూర్చుని మాట్లాడుకున్న మనుషులు టవర్లలో తలో అంతస్తుకూ చెదిరిపోతారు. ఆ మాటల్లో ఉన్నదేదీ ఏ పుస్తకంలోనూ లేదు. సముద్రానికి అడ్డంగా హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట లేచి నీళ్లు వెనక్కి పోయాక, నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరానికి రాయి మోసిన కామాటీల వారసులు ఇంకా మన మధ్య ఉన్నారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో పాతికేళ్లున్నవాళ్లకు ఇవాళ డెబ్బై దగ్గర పడుతోంది. వాళ్లను అడగడానికి మనకు ఎన్నో దసరాలు మిగల్లేదు.

కెమెరాలు కామాటిపురకు రాలేదని కాదు. యాభై ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి, అదీ పడుపు వృత్తిని చూపించే ఒక్క పని మీదే. విదేశీ ఫొటోగ్రాఫర్లు ఫాక్‌లాండ్ రోడ్ కిటికీలు తీసి పుస్తకాలు వేశారు. 2022లో ‘గంగూబాయి కాఠియావాడి’ వచ్చింది. ఆ సినిమాకు కామాటిపురను గోరేగావ్ ఫిల్మ్ సిటీలో సెట్టుగా కట్టుకున్నారు. మన పేట పేరు ఇలా వాడుకోవద్దని ఇక్కడివాళ్లు బొంబాయి హైకోర్టు దాకా వెళ్లినా పని కాలేదు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చే యూట్యూబర్లు జేబులో కెమెరా దాచి, ఎర్ర అక్షరాల శీర్షికలతో అదే సరుకు అమ్ముతున్నారు. ఇన్ని కెమెరాలు తిరిగినా ఈ గల్లీల్లో పుట్టి పెరిగిన తెలుగు మనిషి నోరు విప్పి మాట్లాడిన బొమ్మ ఎంత వెతికితే దొరుకుతుంది? కోర్టులో గెలవని వాదన మన వీడియోలతో గెలవొచ్చు. కాకపోతే అవి వినబడాలి.

శబ్దం గొడవ ఈ ఊరికి కొత్త కాదు. 1931లో మన దేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ తీసిన ఇంపీరియల్ స్టూడియో ఇక్కడికి దగ్గరే, గ్రాంట్ రోడ్ వైపు. పక్కనే రైలు పట్టాలు. రైళ్ల రొద మైకులో పడకుండా, బండ్లు ఆగాక రాత్రి ఒంటి గంట నుంచి నాలుగు దాకా షూటింగ్ చేసేవారు. మన మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా బొంబాయిలోనే తయారై, 1932 ఫిబ్రవరి 6న ఇక్కడి థియేటర్లోనే ముందు ఆడింది. రైళ్లు ఆగేదాకా వాళ్లు మేలుకుని కూర్చున్నారు. మనం టీవీ ఆపమని పక్కింటి అత్తను అడగలేమా?

ఇక పని సంగతి. నల్లా వచ్చే వేళ తీయకండి, ఆ గోల మీద ఏదీ నిలవదు. పిల్లలు బడికి పోయి, వంటలు అయ్యాక, మధ్యాహ్నం రెండు దాటిన తర్వాత చాల్ కాస్త సద్దుమణుగుతుంది. ఫ్యాను ఆపండి. ఉక్కపోతే పావుగంటకోసారి వేసి మళ్లీ ఆపండి. ఖాళీ గోడలు మాటను తిప్పికొడతాయి కనుక కెమెరాకు కనబడని వైపు బొంతలూ దుప్పట్లూ వేలాడదీయండి. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. దూరం రెట్టింపైతే మైకును చేరే గొంతు బలం నాలుగో వంతుకు పడిపోతుంది, కుక్కరు కూత మాత్రం అలాగే ఉంటుంది. వైరున్న కాలర్ మైకు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. దాన్ని పుస్తెల తాడుకో గొలుసుకో తగలనివ్వకండి, ప్రతి కదలికకూ టకటకలాడుతుంది. అదీ లేకపోతే రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి, ఫ్రేములో పడకుండా దిండు మీద ముందు ఉంచండి. రెండు ఫోన్లూ నడుస్తుండగా ఒక్క చప్పట కొడితే, ఆ చప్పట దగ్గర బొమ్మనూ మాటనూ తర్వాత కలుపుకోవచ్చు. లేచే ముందు అందరూ నోరు మూసుకుని అర నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయండి. మాటల మధ్య కోసిన చోట ఆ ఖాళీ గది చప్పుడు పరిస్తే అతుకు తెలియదు. ఇది చెప్తే పిల్లలు నవ్వుతారు. ఒకసారి చేసి చూడమనండి.

బతుకమ్మకు ఇంకో తీరు. ఒక ఫోన్ మూడో అంతస్తు గ్యాలరీ నుంచి వలయమంతా కనబడేలా, ఇంకోటి కింద పూల ఎత్తున. మూడోది బొమ్మ కోసం కాదు, పాట ఎత్తుకునే పెద్దమ్మ పక్కన నడిచే పిల్ల చేతిలో, ఆ గొంతు కోసమే. పాట మొదలు నుంచి చివరి దాకా ఆపకుండా తీయండి. సినిమా పాట అతికిస్తే హక్కులవాళ్లు యూట్యూబ్‌లో పట్టేస్తారు. మన పెద్దమ్మ పాట మీద ఎవడూ దావా వేయడు.

బొమ్మ గురించి క్లుప్తంగానే చెప్తాం. లెన్సు తుడవండి, వంటనూనె వేళ్లే అన్నిటికన్నా పెద్ద శత్రువు. అవ్వ ముఖం తలుపు వైపు ఉండాలి, వీపు కాదు. ట్యూబ్‌లైటు కింద నల్ల చారలు పాకుతున్నాయంటే కారణం మన కరెంటు. అది 50 హెర్ట్జ్‌ది కనుక దీపం సెకనుకు వంద సార్లు మినుకుమంటుంది. షట్టర్ 1/50 దగ్గరో 1/100 దగ్గరో పెడితే చారలు పోతాయి. జూమ్ మానేసి దగ్గరికి నడవండి. ఏది తీసినా పది సెకన్లు కదలకండి. 1896 జూలై 7న వాట్సన్ హోటల్లో లూమియేర్ల బొమ్మలు మొదటిసారి ఆడినప్పుడు ఒక్కోటీ నిమిషం కూడా లేదు, అంటే మీ రీల్ అంతే. కెమెరా స్టాండు మీద కదలకుండా నిలబడి ఉంది, జనం నోరెళ్లబెట్టి చూశారు.

మాట్లాడించేటప్పుడు అడ్డం పడకండి. ‘ఊ’ కొట్టకండి, తల ఊపితే చాలు. ‘మీకెలా అనిపించింది’ అంటే ఎవరైనా ‘మంచిగనే అనిపించింది’ అంటారు. ‘అవ్వా, మీ ఖోలీలో రాత్రి ఎవరెవరు ఎక్కడెక్కడ పండుకునేవాళ్లు?’ అని అడగండి. మొత్తం చాల్ బయటికొస్తుంది. ఆమె ఆగితే మీరూ ఆగండి, అసలు సంగతి చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది. ఎడిటింగులో ఆ మౌనాన్ని కోసెయ్యకండి. మాట సాగుతుండగానే చేతుల మీదికి, ట్రంకు పెట్టె మీదికి, గోడ మీది ఫొటో మీదికి బొమ్మ మార్చండి, మాట మాత్రం తెగనివ్వకండి. మిల్లు మూతపడ్డ సంగతి చెప్తుంటే వెనక పిల్లనగ్రోవి ఏడవనక్కర్లేదు. మరాఠీ కలిసిన మన పాలమూరు, కరీంనగర్ మాటను టీవీ తెలుగులోకి దిద్దొద్దు, దాని మీద ఇంకో గొంతు పరచొద్దు. కింద తెలుగులోనూ మరాఠీలోనూ అక్షరాలు వేయండి. తెలుగు చదవడం రాని మన పిల్లలకు మరాఠీ అక్షరాలే దారి.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలడం లేదు, గట్టిగా చెప్తున్నాం. పొట్టకూటికి గల్లీలో నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు, వాళ్ల పిల్లల ముఖాలు మన ఫ్రేములోకి రాకూడదు. వెనకగా నడిచి పోతున్నా సరే, ఆ ముక్క వాడకండి. మన మర్యాద కోసం పోరాడుతూ వాళ్ల మర్యాద తీయలేం. మాట్లాడిన ముసలివాళ్లకు కూడా వీడియో పెట్టే ముందు మొత్తం చూపించి, వద్దన్నది తీసేయండి.

ఇక దాచుకోవడం. 2020 జూన్ 29న టిక్‌టాక్ మూతపడ్డప్పుడు మీలో ఎంతమంది వీడియోలు చేజారాయో మీకే తెలుసు. ‘ఆలం ఆరా’ ప్రింటు ఒక్కటీ ఇవాళ దొరకదు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది నలిగిపోతుంది కనుక డాక్యుమెంటుగా పంపండి. కోయని అసలు ఫైలు ఉంచండి. మామూలు హెచ్‌డీ నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ తింటుంది. ఒక టెరాబైట్ డిస్కులో వంద గంటలకు పైగా పడుతుంది. రెండు డిస్కులు కొని రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి. పేరు, ఊరు, గల్లీ, తేదీ ఫైలు మీదే రాయండి.

దీనికి డబ్బెక్కడిదంటారా? గణపతి మండళ్ల పెద్దలూ, బతుకమ్మ చందాలు వసూలు చేసే అక్కలూ, మిమ్మల్నే అడుగుతున్నాం. ఈ ఏడు డీజే ఒక్క రాత్రి తగ్గించండి, స్వాగత ఫ్లెక్సీల్లో ఒకటి మానండి. గల్లీకి రెండు కాలర్ మైకులు, ఒక స్టాండు, రెండు డిస్కులు వస్తాయి. అవి మండలి బీరువాలో ఉండాలి, ఎవరడిగినా పుస్తకంలో సంతకం పెట్టించుకుని ఇవ్వాలి. ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో పిల్లలు తీసిందంతా అందరూ కలిసి ముందు కళ్లు మూసుకుని వినండి, తర్వాత తెర మీద చూడండి. వినబడనిది మళ్లీ తీయండి.

ఎవరితో మొదలుపెట్టాలో మీ చాల్‌కు తెలుసు. ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందిన ఖోలీల్లో అందరికన్నా పెద్దవాళ్ల పేర్లు ఈ వారంలోనే రాసి, మండలి బోర్డు మీద అంటించండి.