పొన్నెకల్లు దరువు

ఎనభైల్లో మిరపకోతలప్పుడు కల్లం దగ్గర టేపురికార్డరు మోగాల్సిందే. కాయలు ఏరే చేతులకు పాట ఊపునిచ్చేది. ఆ పాటల్లో ఎన్నో పక్క ఊరివాడు కట్టినవేనని ఆ ఏరేవాళ్లలో ఎందరికి తెలుసో!

గుంటూరు జిల్లా తాడికొండ మండలంలో పొన్నెకల్లు ఉంది. ఆ ఊళ్లో పుట్టిన కొమ్మినేని అప్పారావే సంగీత దర్శకుడు చక్రవర్తి. ఇంకో విచిత్రం, బుర్రకథ పితామహుడు షేక్ నాజర్‌దీ పొన్నెకల్లే. 1920లో దూదేకుల ఇంట పుట్టిన నాజర్ జంగం కథలోకి రాగాలను, నాటకాన్ని, హాస్యాన్ని తెచ్చి కలిపారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పత్తి, మిరప పండే నేలలో ఈ కలిపి కొట్టే విద్య ఎక్కణ్నుంచి వచ్చిందో మరి!

అప్పారావు మద్రాసు వెళ్లి డబ్బింగ్ గొంతుగా పేరు తెచ్చుకున్నారు. 1971లో 'మూగప్రేమ'తో సంగీత దర్శకుడయ్యారు. 1973లో 'శారద' వచ్చింది. ఊళ్లను ఊపేసింది మాత్రం 'యమగోల' (1977), 'వేటగాడు' (1979). డోలక్, తబలా పక్కన డ్రమ్స్, బాంగోలు, గిటార్లు చేరాయి. డిస్కో మోజు వచ్చాక అదీ తెలుగు దరువులో కలిసిపోయింది. 'వేటగాడు' వాన పాటలో బాలు, సుశీల గొంతులు ఎంత హాయిగా పోతుంటాయో, అడుగున దెబ్బ అంత గట్టిగా పడుతుంటుంది. దాదాపు అదే కాలంలో బ్రెజిల్‌లో జార్జ్ బెన్ అనే ఆయన అక్కడి సాంబాకు ఫంక్ కలిపి జనాన్ని ఆడిస్తున్నాడు. వీళ్లిద్దరూ ఒకరి పేరొకరు విని ఉంటారనుకోను.

"అది సంగీతమా, డప్పుల గోలా" అని విసుక్కున్న పెద్దలున్నారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. అన్నేసి సినిమాలు చేస్తే గుర్తుండని పాటలూ పుడతాయి. ఒక బాణీ ఇంకోదాన్ని గుర్తుచేస్తుంది కూడా. కానీ అదే మనిషి 1981లో 'ప్రేమాభిషేకం' చేశారు. ఆ పాటలు దాసరి రాశారు. గోల అన్నవాళ్లే వాటిని రేడియోలో వచ్చేదాకా కాచుకు కూర్చున్నారు.

నాకు ఇంకా ముఖ్యమనిపించేది టి. కృష్ణతో ఆయన జోడీ. ఒంగోలు ప్రాంతం నుంచి, ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన దర్శకుడాయన. నాజర్ కథ చెప్పిందీ ఆ మండలి వేదికల మీదే. 'నేటి భారతం' (1983), 'వందేమాతరం', 'ప్రతిఘటన' (రెండూ 1985) సినిమాలకు చక్రవర్తి స్వరాలు కడితే, స్టెప్పుల పాటలవాడని తీసిపారేసినవాళ్లు నోరు మూసుకోవాల్సొచ్చింది. 'వందేమాతరం'లో పాడిన కుర్రాడు శ్రీనివాస్‌కు ఆ సినిమా పేరే ఇంటిపేరైంది.

చక్రవర్తి దగ్గర సహాయకులుగా పనిచేసినవాళ్లను చూడండి. రాజ్, కోటి ఇద్దరూ ఆ గదిలోవాళ్లే. కీరవాణి కూడా అక్కడ పనిచేసినవారే. 2023లో ఆస్కార్ అందుకున్న ఆ కీరవాణే. 'గాయం', 'సిందూరం' సినిమాలకు పాటలు కట్టిన శ్రీ చక్రవర్తిగారి కొడుకే. ఆయన 2015లో పోయారు.

చక్రవర్తి 2002 ఫిబ్రవరి 3న కన్నుమూశారు. ఈసారి టీవీలో 'వేటగాడు' వస్తే పేర్లు పడేటప్పుడు కాఫీకి లేచి వెళ్లకండి. సంగీతం అన్న చోట పొన్నెకల్లువాడు కనిపిస్తాడు.