అవ్వ మాట, ఫోను చెవి

పిల్లలూ! మా శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున చిన్నా పెద్దా అందరూ మిద్దెలెక్కుతారు. మరునాడు తెలుగు మాస్టారు దానిమీద వ్యాసం రాయమంటే, నలభై మందీ ఒకే వాక్యం రాసుకొస్తారు: "నిప్పులు కక్కుతూ, భీకర ధ్వనితో రాకెట్ నింగికెగసింది." చూసినవి నలభై జతల కళ్లు. మరి వాక్యం ఒక్కటే ఎందుకయింది?

నేను సైన్సు చెప్పేవాణ్ణి. తెలుగు క్లాసు సంగతి నాకెందుకని మీరు అడగవచ్చు. చూసింది చూసినట్టు చెప్పడం రెండు క్లాసులకూ కావలసిందే గదా!

తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఇలాగే రాసుకొచ్చాడు. తెలుగు మాస్టారూ నేనూ కలిసి, "కాగితం పక్కన పెట్టు. మీ అవ్వను అడిగి, ఆమె చెప్పింది ఫోనులో రికార్డు చేసుకురా" అన్నాము. 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చిన ఉదయం, ఆ అవ్వ పులికాట్ సరస్సుకు ఇవతలి ఒడ్డున ఉండేదట. ఆమె మాట క్లాసులో వినిపించాము:

"ముందు మంటా పొగా కనపడ్డాయిరా. సప్పుడు రాలా. మీ నాయన అప్పుడు సంటిబిడ్డ. నేను దడి కాణ్ణించి ఇంట్లోకి పోయి, వాణ్ణి సంకనేసుకున్నాక వొచ్చింది సప్పుడు."

క్లాసంతా నిశ్శబ్దమయిపోయింది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి అది చేరడానికి దాదాపు 44 సెకన్లు పడుతుంది. వెలుగు మాత్రం కన్ను మూసి తెరిచేలోగానే వచ్చేస్తుంది. బడికి పోని అవ్వ ఈ తేడాను పట్టుకున్నది. మన నలభై వ్యాసాలూ దాన్ని వదిలేశాయి!

తరువాత ఆ కుర్రవాడు తన కథ తానే చెప్పి రికార్డు చేశాడు. విని, "ఇది నా గొంతు కాదు సార్!" అన్నాడు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారానే గాక, పుర్రె ఎముకల ద్వారా కూడా మన చెవికి చేరుతుంది. ఎముకలు మంద్రస్వరాలను బాగా మోస్తాయి. రికార్డులో ఆ భాగం ఉండదు కనుక గొంతు పలచగా, కొత్తగా వినిపిస్తుంది. వాడు మూడుసార్లు విన్నాడు, మూడుసార్లూ మార్చాడు. "భీకర ధ్వని" పోయింది; ఆ రోజు వాళ్ల ఇంటి కిటికీ రెక్క గడగడలాడిన సంగతి వచ్చింది. ఆ తరువాతే కాగితం మీద రాశాడు.

సాంకేతిక విజ్ఞానం బడికి రావడం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగం ద్వారా, మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం నుంచి టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. 2004 సెప్టెంబరు 20న విద్య కోసమే తయారయిన ఎడ్యుశాట్ మా శ్రీహరికోట నుంచే లేచింది. అవన్నీ ప్రధానంగా పాఠాన్ని పిల్లల దగ్గరకు తెచ్చాయి. పిల్లవాడి కథను నలుగురికీ వినిపించే సాధనం ఇప్పుడు ఇంటింటా ఉన్నది.

"ఫోను చేతికిస్తే పిల్లలు పాడవుతారు" అనే ఉపాధ్యాయులున్నారు. ఆ భయం ఉత్తిది కాదు. ఒక అమ్మాయి కథకు రంగుల బొమ్మలూ సంగీతమూ చేర్చడానికి నాలుగు సాయంత్రాలు ఖర్చుపెట్టింది. కథ మాత్రం నాలుగు వాక్యాలు దాటలేదు. ఇప్పుడయితే అడిగిన మరుక్షణంలో కథ అల్లి ఇచ్చే యంత్రాలు కూడా వచ్చాయి. కానీ ఆ అవ్వ దడి దగ్గర నిలబడిన సంగతి, ఎవరూ వెళ్లి అడగకపోతే, ఏ యంత్రానికి తెలుస్తుంది?

అందుకే నా అభిప్రాయం ఇది. వారానికొక తెలుగు పీరియడులో ఫోను ఉండాలి. క్లాసుకు ఒక్కటి చాలు. ఇంటర్నెట్ ఆపేయాలి; రికార్డింగుకు అది అక్కరలేదు. పెద్దల అనుమతి అడిగే రికార్డు చేయాలి. వారి యాసను దిద్దకూడదు. ఫోను మనకు చెవిగా ఉండాలి గాని, మన బదులు మాట్లాడే నోరు కాకూడదు.

పిల్లలూ! ఈ ఆదివారం మీ అవ్వనో తాతనో ఒక్క ప్రశ్న అడగండి. మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా వినండి. ఆ అవ్వ పోయిన నెల కన్నుమూసింది. ఆమె మాట మా దగ్గర రెండు నిమిషాలే ఉన్నది. ఇంకొంచెంసేపు అడిగి ఉండవలసింది.