పక్షుల్ని చూసి వచ్చేస్తే చాలదు, లెక్క రాయాలి

చలికాలం మొదలైందంటే ఢిల్లీ శివార్లలో ఆదివారం ఉదయాల తీరు మారిపోతుంది. ఇందిరాపురం, నోయిడా అపార్ట్‌మెంట్ల నుంచి పిల్లాపాపలతో, బైనాక్యులర్లు, కెమెరాలతో జనం గుంపులుగా యమున ఒడ్డుకు బయలుదేరతారు. బొటానికల్ గార్డెన్ వద్ద మెట్రో రైలు మారితే తర్వాతి స్టేషన్ పేరే ఓఖ్లా బర్డ్ శాంక్చురీ. ఓఖ్లా బరాజ్ వెనక నిలిచిన నీటిలో మధ్య ఆసియా, సైబీరియాల నుంచి వచ్చిన బాతులు కనిపిస్తాయి. కాంక్రీటు మధ్య బతికే నగరవాసికి ఇది మంచి అలవాటే. కానీ ఈ బృందాల్లో చాలావరకు ఇంటికి తెచ్చుకునేది ఫొటోలను మాత్రమే. ఏయే పక్షులు, ఎన్ని, ఎంతసేపట్లో కనిపించాయన్న చిన్న జాబితా రాసుకునేవారు తక్కువ. విజ్ఞానశాస్త్రానికి నిజంగా పనికొచ్చేది ఆ జాబితాయే.

దీనికి పాలపిట్టే పెద్ద ఉదాహరణ. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని తెలుగువారి నమ్మకం. కరెంటు తీగ మీద కూర్చుని తరచూ కనిపించే ఈ పక్షికి ఏదో అవుతోందని ఎవరికీ అనుమానం రాలేదు. 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక మాత్రం గత 12 ఏళ్లలో పాలపిట్టల సంఖ్య సుమారు 30 శాతం తగ్గిందని తేల్చింది. ఓఖ్లాకు వలస వచ్చే, గరిటెలాంటి వెడల్పాటి ముక్కున్న షావెలర్ బాతునూ అధిక శ్రద్ధ అవసరమైన జాబితాలో చేర్చింది. పరిశీలించిన 942 జాతుల్లో అలాంటివి 178.

ఈ సంగతి ఏ ప్రయోగశాలలోనూ బయటపడలేదు. దేశం నలుమూలలా సుమారు 30 వేల మంది పక్షి పరిశీలకులు 'ఈబర్డ్' అనే వేదికలో నమోదు చేసిన 3 కోట్లకు పైగా పరిశీలనల నుంచి వచ్చింది. వారిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు, విశ్రాంత జీవులు ఎందరో ఉన్నారు.

లెక్క ఎలా కడతారో తెలిస్తే జాబితా విలువ అర్థమవుతుంది. దేశంలోని పాలపిట్టలన్నింటినీ ఎవరూ లెక్కపెట్టలేరు. కాబట్టి శాస్త్రవేత్తలు మరో ప్రశ్న వేస్తారు: నూరు జాబితాలు తీసుకుంటే ఎన్నింటిలో పాలపిట్ట ఉంది? ఒకప్పుడు 40 జాబితాల్లో ఉండి, ఇప్పుడు 28లోనే ఉంటే, ఆ పక్షి కనబడడం 30 శాతం తగ్గినట్టు. అయితే ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. గుర్తుపట్టిన ప్రతి జాతినీ, కాకిని, పావురాన్ని కూడా, జాబితాలో రాయాలి. అలా రాసిన జాబితాలో పాలపిట్ట లేదంటే, ఆ పూట అది వారి కంటపడలేదని అర్థం. అరుదైనవాటినే ఏరి రాస్తే, లేనిది పక్షో, రాసే ఓపికో తెలియదు. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు అన్నవీ కావాలి. గంటలో కనబడిన ఇరవై బాతులూ, ఐదు గంటల్లో కనబడిన ఇరవై బాతులూ ఒకటి కాదు.

సముద్ర తీరంలో అయితే ఆటుపోట్ల సమయం కూడా రాసుకోవాలి. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యంలో పాటు వేళ నీరు వెనక్కి తగ్గితే ఉల్లంకి పిట్టలు మేత కోసం బురదనేలంతా పరుచుకుంటాయి. పోటు వచ్చేసరికి మిగిలిన కాస్త మెరక మీదికి అన్నీ చేరతాయి. అదే చోటును ఒక ఏడాది పాటులో, మరో ఏడాది పోటులో లెక్కిస్తే, పక్షులు పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. కొలత ఎప్పుడు, ఎలా తీసుకున్నారో తెలియకపోతే దానితో పోల్చి చూడడం కుదరదు.

కొత్తవాళ్లు తప్పుగా గుర్తిస్తారు కదా అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. అది నిజమే. అందుకే ఆ ప్రాంతానికి అసాధారణమనిపించే నమోదులను అనుభవజ్ఞులు పరిశీలిస్తారు. తెలియనప్పుడు 'బాతు, జాతి తెలియదు' అని రాయడానికీ వీలుంది. ఊహించి రాసిన పేరు కంటే అదే మేలు. జనం ఆదివారాల్లో, పేరున్న చోట్లకే వెళతారన్నది మరో అభ్యంతరం. ఇది ఇంకా గట్టిది. దీనికి విరుగుడు ఇందిరాపురంలోనే ఉంది. ఓఖ్లాకు ఏడాదికి ఒకసారి వెళ్లే బృందం, తమ కాలనీ పార్కులో నెలకోసారి పదిహేను నిమిషాలు నిలబడి లెక్క రాస్తే చాలు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' అడిగేదీ ఆ పదిహేను నిమిషాలే.

ఇదంతా కాలక్షేపం వ్యవహారం కాదనడానికి ఓఖ్లా చరిత్రే సాక్ష్యం. 1990లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చోటు చుట్టూ నగరం పెరిగింది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశంతో 10 కిలోమీటర్ల పరిధిలోని కొత్త భవనాలకు అనుమతులు ఆగాయి. ఫ్లాట్లు కొనుక్కున్న వేలాది కుటుంబాలు ఎదురుచూడాల్సి వచ్చింది. 2015లో కేంద్రం పర్యావరణ సున్నిత మండలాన్ని ప్రకటిస్తూ మూడు వైపులా 100 మీటర్లుగా, ఉత్తరాన 1.27 కిలోమీటర్లుగా హద్దు గీసింది. ఆ 100 మీటర్లు చాలునా? కొనుగోలుదారు ఒకటంటాడు, పర్యావరణవేత్త మరొకటంటాడు. ఈ వాదం తేలాలంటే ముందూ వెనకా ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో తీసిన లెక్కలు ఉండాలి. అవి లేనిచోట గొంతు పెద్దదైనవారి మాటే నెగ్గుతుంది.

కాబట్టి బృందంగా వెళ్లేవారు కొన్ని నియమాలు పెట్టుకోవడం మంచిది. ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి. పదిమంది వెళ్లినా జాబితా ఒకటే ఉండాలి, దాన్నే అందరూ పంచుకోవాలి. లేకపోతే ఒకే బాతు పదిసార్లు లెక్కకెక్కుతుంది. ఫొటో కోసం పక్షుల్ని లేపకూడదు, ఫోన్‌లో వాటి కూతలు వినిపించి దగ్గరికి రప్పించకూడదు. వేల మైళ్లు ఎగిరొచ్చిన పక్షికి విశ్రాంతి, మేత అన్నింటికంటే ముఖ్యం.

సూళ్లూరుపేటలో పులికాట్ రాజహంసల పేరిట జరిగే పండుగకు వెళ్లే బడిపిల్లల చేతికి టోపీ, జెండాలతో పాటు ఒక కాగితం, పెన్సిలూ ఇస్తే అదనంగా పెద్ద ఖర్చేమీ కాదు. పాలపిట్ట తగ్గుతోందని ఇవాళ మనకు తెలిసిందంటే, పదేళ్ల కిందట ఎవరో దాన్ని మామూలు పిట్టే కదా అని వదిలేయకుండా జాబితాలో రాశారు. పదేళ్ల తర్వాత పిచ్చుక గురించో గోరింక గురించో ఎవరైనా అడిగితే, జవాబు ఈ చలికాలం రాసే జాబితాల్లోనే ఉండాలి.