పగలు వదిలేసుకున్న డాక్టరు

విశాఖ ద్వారకా నగర్‌లో రాత్రి పది దాటితే డాక్టరు దొరకడని మనలో మనం వాపోతుంటాం. డైమండ్ పార్కు నుంచి శంకరమఠం రోడ్డు దాకా నడిస్తే ఒంట్లో ప్రతి అవయవానికీ ఒక స్పెషలిస్టు బోర్డు కనిపించే పేట ఇది. అలాంటి చోట అర్ధరాత్రి జ్వరం చూసేవాళ్లు లేరంటే ఎవరికైనా కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో వెతుక్కుంటూ వెళితే మాత్రం, అది తిరిగి తిరిగి మన గుమ్మం దగ్గరికే వస్తోంది.

ఒకప్పుడు ముందుగదిలో క్లినిక్, వెనక కాపురంగా ఉండే డాక్టర్లు ఈ ఊళ్లో ప్రతి పేటలోనూ ఉండేవాళ్లు. తలుపు కొడితే నిద్రకళ్లతో వచ్చి చెయ్యి పట్టుకు చూసేవాళ్లు. ఈ ఇంట్లో పెద్దాయనకి షుగరు, కోడలికి పెన్సిలిన్ పడదు, పిల్లాడికి చిన్నప్పుడు జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి: ఇవన్నీ ఏ ఫైలూ తెరవకుండానే ఆ డాక్టరుకి తెలుసు. రాత్రివేళ వైద్యంలో భద్రత అంటే సగం ఆ ఎరుకే. ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పనక్కర్లేదు. అవసరం లేని సూదులు, అవసరం లేని యాంటీబయాటిక్స్ ఆ రోజుల్లోనూ ఉన్నాయి. అయినా ఏ సూది ఎవరికి పడదో ఆయనకి గుర్తుండేది.

ఆయన్ని మనం ఒక్కరోజులో మానేయలేదు. కాస్త ఛాతీ బరువెక్కితే కార్డియాలజిస్టు, కాస్త కడుపు ఉబ్బితే గ్యాస్ట్రో, మోకాలికి ఇంకొకరు. నేరుగా పోతే పని తొందరగా అవుతుందనుకున్నాం. కొన్నిసార్లు అయింది కూడా. “ఆయన ఉట్టి ఎంబీబీఎస్సేగా” అన్న మాట మన ఇళ్లలో ఎంత మామూలుగా దొర్లిందో! రాత్రి లేపినందుకు ఎంతివ్వమంటారని అడిగితే “ఉండనివ్వండి” అనేవారు. మనం నిజంగానే ఉంచేసుకున్నాం. అది ఆయన మంచితనమని పదిమందికీ చెప్పాం గానీ, ఆ మంచితనం ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడగలేదు. ఆయన తరవాత ఆ గదిలో కూర్చునేవాళ్లు లేకపోవడంలోనూ మన చెయ్యి ఉంది. నీట్ కోచింగ్‌లో చేర్చిన నాటి నుంచే, ఎంబీబీఎస్‌తో ఆగిపోతే లాభం లేదని పిల్లలకి నూరిపోసింది మనమే.

భయపెట్టిందీ మనవాళ్లే. ఆసుపత్రుల మీద, డాక్టర్ల మీద దాడులు ఆపడానికి మన రాష్ట్రం 2008లో ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. అద్దాలు పగలగొట్టినవాళ్లలో మనం లేకపోవచ్చు. పోయిన మనిషి బంధువులు కదా, ఆవేశం ఉండదా అని సర్దిచెప్పినవాళ్లలో ఉన్నాం. అలాంటి వార్త చదివాక, ఒంటరిగా క్లినిక్ నడిపే మనిషి రాత్రి తలుపు చప్పుడు వింటే గడియ తీయడానికి తటపటాయించడా?

అప్పుడు మనకి మెడికల్ షాపు మిగిలింది. షాపతను చీటీ అడగడు, నిరీక్షణ లేదు, “జ్వరానికి ఏదైనా ఇవ్వు బాబూ” అంటే చాలు. 2014 మార్చి నుంచి, డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన హెచ్1 జాబితాలోని మందులు అమ్మితే రోగి పేరూ డాక్టరు పేరూ విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరులో మన పేరు పక్కన ఏ డాక్టరు పేరు ఉందో మనం ఎప్పుడైనా అడిగామా? 12 ఏళ్లలోపు పిల్లలకి నిమెసులైడ్ వాడకూడదని 2011లోనే నిషేధించారు. పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే సీసా మీద ఏముందో చదివే ఓపిక మనకుండదు. డెంగీ కాలంలో ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ బిళ్ల అడిగి తెచ్చుకుంటాం. ఆ జ్వరంలో అది రక్తస్రావం ముప్పు పెంచుతుందని చెప్పాల్సిన మనిషిని మనమే పంపించేశాం. అన్నిటికంటే బాధ పెట్టేది ఛాతీనొప్పి. గ్యాసేలే అని ఒక బిళ్ల మింగి తెల్లారేదాకా చూద్దామనుకున్న రాత్రులు మన బంధువర్గంలో ఏ ఇంటికి తెలియవు? నొప్పి మొదలైన తొలి గంటలోనే చికిత్స అందితే గుండె కండరం దక్కుతుందని తెలిసీ, ఆ గంటని మనం సర్దుబాటుకి ఇచ్చేశాం.

ఇంకొంచెం చదువుకున్న ఇళ్లలో వాట్సాప్ ఉంది. మనకి రాత్రయితే డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి పగలు కదా, మందు అట్ట ఫొటో తీసి పంపుతాం. ఆ అమ్మాయి డాక్టరే, ప్రేమతోనే చెబుతుంది. కానీ నాన్నగారు రక్తం పలచబరిచే మందు వాడుతున్న సంగతి మనం చెప్పడం మర్చిపోతాం, తనకి అడగాలని తోచదు. ఫోనులో వైద్యానికి 2020 మార్చి 25న కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది: రోగి ఎవరో, వయసెంతో తెలుసుకోవాలి, వివరాలు రాసిపెట్టాలి అని. మన కుటుంబ గ్రూపుల్లో ఏదీ రాసి ఉండదు.

ఎవరో ఒక డాక్టరు దొరికితే చాలనుకోవడమూ పొరపాటే. ఇంగ్లండులో 2004 ఒప్పందంతో ఫ్యామిలీ డాక్టర్లు రాత్రి, సెలవురోజుల బాధ్యత వదులుకునే వీలు వచ్చింది. 2008 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిషైరులో కిడ్నీ నొప్పితో ఉన్న 70 ఏళ్ల మనిషి ఇంటికి, జర్మనీ నుంచి వచ్చి అక్కడ తొలిసారి డ్యూటీ చేస్తున్న డాక్టరు వెళ్లాడు. ఇవ్వాల్సిన దానికి పదింతలు, 100 మిల్లీగ్రాముల డయామార్ఫిన్ ఇచ్చాడు. ఆ మనిషి బతకలేదు. మన క్యాజువాల్టీల్లో ఎడతెగని డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు “మీ డాక్టరెవరండీ?” అని అడిగినప్పుడు మనం నాలుగు ఆసుపత్రుల పేర్లు చెబుతాం. ఆ తరవాత ఆయన అన్ని పరీక్షలూ రాస్తే దోపిడీ అంటాం. దోపిడీ అసలే లేదని కాదు. మన చరిత్ర తెలిసినవాడు ఒక్కడుంటే వాటిలో కొన్ని అక్కర్లేకపోయేవి.

నెదర్లాండ్స్‌లో 2000 ప్రాంతం నుంచి ఫ్యామిలీ డాక్టర్లు సహకార సంఘాలుగా ఏర్పడి, రాత్రిళ్లు వంతులవారీగా కూర్చుంటున్నారు. వంతులంటే మనకి తెలియనిదా? స్టీల్‌ప్లాంట్‌లో ఫర్నేసు ఆరకుండా, పోర్టులో ఓడ ఆగకుండా మూడు షిఫ్టులు నడిపే ఊరు మనది. వాచ్‌మన్‌కీ లిఫ్టుకీ జనరేటరుకీ నెలనెలా చందా వేసుకునే మన అపార్ట్‌మెంట్ సంఘాలకి, నాలుగు వీధులు కలిసి నలుగురు డాక్టర్లకి రాత్రి వంతులు ఏర్పాటు చేసి న్యాయమైన ఫీజు ఇద్దామన్న ఆలోచనే రాలేదు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం ఫ్యామిలీ డాక్టరు పథకం మొదలుపెట్టింది. అది పల్లెలకి, నెలకి రెండుసార్లు, పగటిపూట. పట్నానికీ రాత్రికీ ఏదీ అని మనం గట్టిగా అడగలేదు. అడగవలసిన అవసరం మనకి కనిపించలేదు, ఇన్సూరెన్సు కార్డు ఉంది కదా.

1923 నుంచీ ఉన్న ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ మన పేటకి దగ్గరే. అక్కడ రాత్రీ పగలూ తలుపులు తెరిచే ఉంటాయి. “అక్కడికా?” అని మొహం చిట్లించి, దాన్ని బాగుచేయమని అడిగే పనిని గత్యంతరం లేనివాళ్లకి వదిలేశాం.

ఇప్పటికీ అక్కడక్కడా సాయంత్రం పూట కూర్చునే పాత ఎంబీబీఎస్ డాక్టర్లు కొందరున్నారు. వాళ్ల దగ్గరికి మనం వెళుతూనే ఉన్నాం, ఆఫీసుకి లీవు సర్టిఫికెట్ కావలసినప్పుడు.