గ్లోబలైజేషన్ చూడ్డానికి పాస్‌పోర్టు అక్కర్లేదు

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మా కాలేజీ వాళ్లు ‘గ్లోబల్ ఎక్స్‌పోజర్’ అంటూ ఐదు రోజుల సింగపూర్ టూర్ పెట్టారు. నాన్న చీటీ పాడి మరీ డబ్బు కట్టారు. రెండు ఆఫీసుల లాబీలు, ఒక యూనివర్సిటీ గేటు, బోలెడన్ని సెల్ఫీలు, చివర్లో ఓ సర్టిఫికెట్. అంతే!

తర్వాత ఓ ఇంటర్వ్యూలో రెజ్యూమె చూసి, ‘మీది భీమవరం పక్కనే కదా, అక్కడ రొయ్య ధర ఎవరు నిర్ణయిస్తారు?’ అని అడిగారు. నోట మాట రాలేదు. చెరువుల మధ్య పుట్టి పెరిగినవాణ్ని, సింగపూర్ చూసొచ్చినవాణ్ని... రెండూ అక్కరకు రాలేదు.

ఇప్పుడైతే చెబుతా. మన చెరువుల్లోని వనామీ అసలు మన రొయ్యే కాదు, పసిఫిక్ తీరానిది. 2009లో మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది. విదేశాల నుంచి విమానంలో చెన్నై చేరిన తల్లి రొయ్యలు క్వారంటైన్ దాటాకే హేచరీలకు వెళ్తాయి. పెరిగిన సరుకుకి పెద్ద మార్కెట్ అమెరికా. అందుకే 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచితే, ఇక్కడ చెరువు గట్టు మీద రైతు గుండె గుభేల్‌మంది.

అక్కడి నుంచి నరసాపురం వెళ్లండి. మిషనరీలు నేర్పిన లేసు అల్లిక 19వ శతాబ్దం నుంచే విదేశాలకు వెళ్తోంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ అల్లిక మహిళలపై రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ‘ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు’ అనే ముద్ర వేసి వాళ్ల శ్రమకు ఎంత తక్కువ కడుతున్నారో ఆమె చూపించారు. 2024లో ఆ లేసుకు జీఐ గుర్తింపు దక్కింది. మరి అల్లే చేతికి దక్కేదెంత? వెళ్లి అడగాల్సిన ప్రశ్న అదే.

అందుకే నా సూచన: ఏడు రోజుల ‘డెల్టా కోర్సు’. పదిహేను మంది విద్యార్థులు, ఒక ఎకనామిక్స్ లెక్చరర్, ఆర్టీసీ బస్సు. రెండు రోజులు చెరువులు, ప్రాసెసింగ్ ప్లాంటు. రెండు రోజులు లేసు ఊళ్లు. ఒక రోజు కడియం నర్సరీలు. ఒక రోజు కోనసీమలో, గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన అక్కలతో మాటామంతీ. చివరి రోజు లెక్కలు: ఒక వస్తువు తీసుకుని, దాని ధరలో ఎవరి వాటా ఎంతో రాయాలి. క్రెడిట్లు ఆ రిపోర్టుకే ఇవ్వాలి, హాజరుకి కాదు. మరో షరతు, మనతో మాట్లాడ్డానికి పని ఆపుకున్నవాళ్లకి ఆ పూట కూలి కోర్సు ఫీజులోంచే కట్టాలి. వాళ్లు మనకి ఎగ్జిబిషన్ బొమ్మలు కాదు.

విదేశాలకు వెళ్లొద్దని కాదు. వెళ్లండి, కానీ ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లండి. మన రొయ్య అక్కడి సూపర్ మార్కెట్లో ఎంతకు అమ్ముతున్నారో చూసి రండి. ఇక్కడి ధర తెలియనివాడికి అక్కడి ధర చూసినా ఏం అర్థమవుతుంది?

కాలేజీ పెట్టేదాకా ఆగక్కర్లేదు. ఈ సెలవుల్లో నలుగురు ఫ్రెండ్స్, ఒక నోట్‌బుక్ చాలు. మొదటి ప్రశ్న నాకు ఇంటర్వ్యూలో వేసిందే.